దోహా ముప్పావు గంటే

బహ్రెయిన్‌లోని గుదైబియాలో ఏడుగురితో ఒకే గదిలో ఉండే భూమేష్, కట్టే బిల్డింగుల చుట్టూ ఇనుప పైపులు బిగించే పని చేస్తాడు. ఆ ఎత్తు నుంచి విమానాలను చూసి చూసి, వాటిని తానే నడిపినంత జ్ఞానం సంపాదించాడు. ఏ ఊరికి ఎంత దూరమో, ఎంతసేపో అడగకపోయినా చెబుతాడు. మొన్న సెలవులకు జగిత్యాల పక్కనున్న తన ఊరికి పోయినప్పుడు, అక్క ముత్తెమ్మ వాకిట్లో మంచమేసుకుని కోతలు కోశాడు. బహ్రెయిన్ నుంచి దోహాకు నూట యాభై కిలోమీటర్లట, విమానంలో ముప్పావు గంటట. దేశం వేరైతేనేం, జగిత్యాల నుంచి కరీంనగర్ పోయేంత సేపు కూడా పట్టదన్నాడు.

ఆ కోతే అతని మెడకు చుట్టుకుంది. ముత్తెమ్మ కూతురు కళకు, దోహాలో క్రేన్ నడిపే దేవేందర్ సంబంధం వచ్చింది. తండ్రి లేని పిల్ల. అబ్బాయి ఫోటో తప్ప మనిషిని చూసినవాళ్లు లేరు. ముత్తెమ్మ తమ్ముడికి ఫోన్ చేసింది.

"ముప్పావు గంటనే గదా తమ్మీ. శుక్రారం పొయ్యి జూసిరా. పిల్లగాడు మంచోడని నువ్వంటెనే పిల్లనిస్త."

భూమేష్ సరేనని ఫోన్ పెట్టేశాడు. ముప్పావు గంట విమానానికే! కూలి మనిషికి వీసా కావాలి, దానికి కఫీల్, అంటే పనిచ్చిన యజమాని, సంతకం కావాలి, ఆ సంతకం కోసం ఆఫీసు చుట్టూ తిరగడానికి సెలవు కావాలి, ఆ సెలవు ఇవ్వాల్సింది మళ్లీ ఆ కఫీలే. ఇదంతా అక్కకు చెబితే సరిపోయేది. కానీ పరువో?

శుక్రవారం బస్సెక్కి ఎయిర్‌పోర్టు పక్కనున్న అరాద్ దాకా పోయి, దోహా వైపు పోతున్న విమానాన్ని ఒకదాన్ని చూసి వచ్చాడు. సాయంత్రం అక్కకు ఫోన్ చేసి, పిల్లగాడు బంగారమనీ, తన చేత్తో చాయ్ పోసిచ్చాడనీ చెప్పాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా, చాయ్‌లో ఇలాచి కూడా వేశాడు.

ఆదివారం డ్యూటీలో ఉండగా ముత్తెమ్మ మళ్లీ ఫోన్ చేసింది. దేవేందర్ తల్లి ఆమెతో మాట్లాడి తెగ మురిసిపోయిందట. పిల్ల మేనమామ ఎలాంటివాడో చూసి రమ్మంటే, వాళ్లబ్బాయి మొన్న శుక్రవారమే బహ్రెయిన్ వచ్చి భూమేష్‌ను కలిశాడట. మామ దేవుడట, కోడికూర వండి పెట్టాడట.

"గదే దినం నువ్వు ఆయన తానికి పోయినవ్, ఆయన నీ తానికొచ్చిండు," అంది ముత్తెమ్మ నింపాదిగా. "మరి చాయ్ ఎవలు పోసిన్రు, కూర ఎవలు తిన్నరు?"

భూమేష్ సిగ్గుతో చచ్చిపోయాడు. దాచి లాభం లేదనుకుని, పోలేదని ఒప్పుకున్నాడు. కానీ దేవేందర్ మీద మాత్రం అతనికి కోపం రాలేదు. ఆ పిల్లగాడు ఏ ఆఫీసు గడప దగ్గర ఆగిపోయాడో అతనికి తెలుసు.

"వానికి గూడ సెలవు దొరికుండదక్కా. సెడ్డోడు గాడు. నా అసొంటోడే."



"గందుకే వద్దు తమ్మీ," అంది ముత్తెమ్మ. "రాలేనప్పుడు రాలేనని చెప్పెటోడు గావాలె, నా పిల్లకు."