కాగితం వెనుక వైపు

హనుమకొండలో బస్సెక్కి, ఒళ్లో ఉన్న జిరాక్సు కాగితాలు మళ్లీ చదువుకుంటున్నాను. ఒకప్పుడు దేశాన్ని నడిపిన నాయకుడి మీద పుస్తకం రాస్తూ, ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో తీయించుకున్న కాగితాలవి. వాటిలో ఒకటి, తాగునీళ్ల కోసం ఒక ఊరివాళ్లు ఆయనకు పెట్టుకున్న అర్జీ. దానికి జవాబు ఎక్కడా కనిపించలేదు. ఆయన పట్టించుకోలేదని అప్పటికే ఒక అధ్యాయం రాసేశాను.

పక్క సీట్లోని పెద్దాయన మగ్గం నేసేవాడట. "జర చూడనియ్యి బిడ్డా" అని ఆ అర్జీ తీసుకున్నాడు. చదవకుండానే వెనక్కి తిప్పాడు.

"ఇటుదిక్కు ఏం లేదేంది?"

"జిరాక్సు గదా తాతా. ఒక్క దిక్కే తీసిన."

"మరి అసలుదాన్ని తిప్పి చూసినవా? మేం చీర చేతికిస్తే ముందుగాల ఎనకకే తిప్పుతం. పోగు యాడ తెగిందో, యాడ ముడేసిన్రో అటుదిక్కే తెలుస్తది."

నేను చూడలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి కిటికీ వైపు తిరిగాను. కాశిబుగ్గ రాగానే ఆయన కాగితం నా ఒళ్లో పెట్టి దిగిపోయాడు.

వారం తర్వాత అసలు అర్జీ తెప్పించుకుని తిప్పాను. వెనుక ఆ నాయకుడి దస్తూరీలోనే, పెన్సిలుతో నాలుగు వరుసలున్నాయి. బావి ఎక్కడ తవ్వించాలో చిన్న పటం కూడా గీశాడు. అధ్యాయం మొత్తం తిరగరాశాను.

పుస్తకంలో కృతజ్ఞతల పేజీ నిండా పేర్లున్నాయి. ఆ పెద్దాయన పేరు నేను అడగనేలేదు. అందుకే ఆ పేజీ తిప్పితే, వెనుక ఒక్క వరుస ఉంటుంది: కాశిబుగ్గలో బస్సు దిగిన తాతకు.