గోల్డ్‌కోస్ట్ సిపాయిలకు నీళ్లు

రంగూన్‌లో మింగళాడోన్ దాటాక ఉన్న యుద్ధ సమాధుల తోటలో మా దండాసి బాబాయి బతుకంతా గడ్డి కోశాడు. జపానువాళ్లతో యుద్ధానికి తెల్లదొరలు గోల్డ్‌కోస్ట్ లాంటి ఆఫ్రికా సీమల నుంచి తెచ్చిన సిపాయిల పేర్లు కూడా అక్కడి రాతి స్తంభాల మీద ఉన్నాయి. వాళ్ల శవాలు దొరకలేదు. సైన్యం గద్దెనెక్కి దేశం తలుపులు మూసేశాక వాళ్ల తాలూకు మనుషులు ఇక్కడికి రావడమే గగనమైంది. అందుకే ఏటా మహాలయ అమావాస్యకు బాబాయే వాళ్లకి నువ్వులు, నీళ్లు వదిలేవాడు.

మిగతా కథ ఆయనకు కాలేజీలో చరిత్ర చదివే కూతురు తార చెప్పింది. "బతికెళ్లిన గోల్డ్‌కోస్ట్ సిపాయిలు పింఛను కోసం ఊరేగింపుగా ఎల్తే పోలీసులు కాల్చీసారు నాన్నా. దాంతో జనం తిరగబడ్డారు. తొమ్మిదేళ్లకి అది గానా అని సొంత దేశం అయిపోనాది."

ఎనభై ఎనిమిది ఆగస్టులో, సైన్యం గద్దె దిగాలని జనం వీధుల్లోకొస్తే, తార కూడా ఊరేగింపులో వెళ్లింది. ఊరేగింపు మీద తుపాకులు పేలాయి. కాల్చిందెవరో ఊరంతటికీ తెలుసు. రేడియో మాత్రం అల్లరిమూకలంది. తార ఇంటికి రాలేదు, శవమూ దొరకలేదు.

ఆ ఏడు అమావాస్యకు బాబాయి చెంబు తీసుకుని బయల్దేరితే పిన్ని గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఎవలికి వదుల్తావో వదులు మావా. దాని పేరు మాత్రం ఎత్తకు. అది వస్తాది."

స్తంభాల దగ్గర బాబాయి అందరికీ నీళ్లు వదిలాడు. ఒక్క దోసెడు చెంబులో మిగిల్చుకున్నాడు. అది కూడా వదిలితే కూతురు లేదని ఒప్పుకున్నట్టే.

ఆయన పోయేదాకా, ఏటా, ఆ దోసెడు నీళ్లు ఇంటికి తిరిగొచ్చాయి.