మూల సీసా

మా మావయ్యకి తాగుడు అలవాటు లేదు. ఇరవై ఏళ్ళుగా మద్యం రుచి చూడడమే ఆయన ఉద్యోగం. నోట్లో పోసుకుని, నాలుక మీద తిప్పి, పక్కనున్న స్టీలు బకెట్లో ఉమ్మేస్తాడు. మేం పనిచేసే జిన్ బట్టీలో అందరూ ఆయన్ని నాలుక అంటారు. "నాలుక వచ్చిందా?" "ఇంకా రాలేదు, బస్సు తప్పిందట." ఆయనా నవ్వి ఊరుకుంటాడు.

బట్టీ చిన్నది, పెట్టి నాలుగేళ్ళే అయింది. రేకుల షెడ్డు, ఒక రాగి బాన, పదకొండు మంది మనుషులం. మా జిన్‌కి పేరొచ్చింది తొక్కల వల్ల. జునిపెర్ కాయల ఘాటుని, ధనియాలని వెనక్కి నెట్టి నారింజ, నిమ్మ, దబ్బకాయ ముందుకొస్తాయి. ఆ తొక్కలు తీసే నలుగురు ఆడవాళ్ళలో మా అమ్మ ఒకతె. నాన్న పోయాక మావయ్యే ఆమెను అక్కడ పెట్టించాడు. తొక్కతో పాటు లోపలి తెలుపు వచ్చిందంటే జిన్ చేదెక్కుతుంది. అమ్మ తీసిన తొక్కని వెలుగుకి పెడితే అవతల కిటికీ కనిపించేది. నూనెకి వేళ్ళు పగిలి, గోళ్ళు పచ్చబడి ఉండేవి. ఆమె తలుపు తీస్తే ముందు నారింజ వాసన లోపలికొచ్చేది.

రోజూ పొద్దున పదింటికి మావయ్య పని మొదలు. అప్పటిదాకా కాఫీ ముట్టడు. కొత్త వాయి ఒక గ్లాసులో, మూల సీసాలోది మరో గ్లాసులో పోసి, రెండింటికీ సమంగా నీళ్ళు కలుపుతాడు. యజమాని మొట్టమొదట మెచ్చిన వాయిలోంచి తీసిపెట్టిన సీసా అది. దానితో సరిపోతేనే కొత్త వాయి సీసాలకెక్కుతుంది. సరిపోకపోతే బానలో వేసే తొక్కలు పెంచడమో తగ్గించడమో చెయ్యాలి. ఆ మూల సీసాని ఆయన తన బల్ల పక్కన, కిటికీ కింద ఉంచుకున్నాడు. ఒక్కో వాయికి ఒక్క మూతెడు తీసేవాడు. పసిపిల్ల తలకి చమురు పెట్టినంత జాగ్రత్త.

బట్టీ పెట్టిన మొదటి ఏడు చివర్లో, "నారింజ మరీ ముందుకొస్తోంది, గుప్పెడు తగ్గించండి" అన్నాడు. రెండు నెలలకి మళ్ళీ అదే మాట. ఆ తరవాత మళ్ళీ.

ఒక ఆదివారం అమ్మ అడిగేసింది. "ఒరేయ్, తొక్కలు సగానికొచ్చాయి. ఇంకా వాసనెక్కడిదిరా?"

"మూల సీసాతో సరిపోతోంది అక్కా. నీ ముక్కు నమ్మమంటావా, నా నాలుక నమ్మమంటావా?"

"నా వేళ్ళు నమ్ము" అంది అమ్మ. మావయ్య నవ్వాడు.

తొక్కలు తగ్గాక నలుగురు మనుషులెందుకన్నాడు యజమాని. ఇద్దరిని తీసెయ్యాలి, ఎవరిని తీద్దామని మావయ్యనే అడిగాడు. అక్కని వెనకేసుకొచ్చాడని అందరూ అనుకుంటారని మావయ్య మొదట అమ్మ పేరే చెప్పాడు. అమ్మ ఆస్పత్రి దుప్పట్లుతికే చోట పనికి చేరింది. కాలేజీ మానేసి తిరుగుతున్న నన్ను అదే నెలలో రుచి గదిలో పెట్టించాడు. జిన్ కొనడానికి వచ్చినవాళ్ళకి పోసి, "ముందు నారింజ తగులుతుంది, ఆ వెనకే నిమ్మ" అని కంఠతా పట్టిన ముక్కలు చెప్పడం నా పని.

మొన్నామధ్య ఒక రిటైరైన నర్సమ్మ వచ్చింది. పోసి, నా ముక్కలు చెప్పాను.

"ఏది బాబూ నారింజ?" అంది గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకునే.

"కాస్త ఆగితే తెలుస్తుందండీ."

"మూడేళ్ళ క్రితం ఆగకుండానే తెలిసింది. అప్పుడు రెండు సీసాలు కొన్నాం. ఒకటి తాగాం, రెండోది తీసేలోపు మా ఆయన పోయాడు. సీలు కూడా తియ్యలేదు. తెస్తానుండు."

తెచ్చింది. మావయ్యని పిలిచాను. మూడు గ్లాసులు పెట్టుకున్నాడు: నర్సమ్మ సీసాది, అడుగున రెండంగుళాలు మిగిలిన మూల సీసాది, ఆ రోజు వాయి. చివరి రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. నర్సమ్మ సీసా మూత తియ్యగానే బల్లకి ఇవతల నిలబడ్డ నాకు అమ్మ చేతుల వాసన కొట్టింది.

మావయ్య ఆ గుక్క ఉమ్మలేదు. మింగేశాడు.

తిన్నగా యజమాని గదికెళ్ళాడు. గ్లాసులు పట్టుకుని నేనూ వెంట వెళ్ళాను.

"మూల సీసా చెడింది సార్. మూత తీసినప్పుడల్లా గాలి దూరి, పక్కనే ఎండ తగిలి నారింజ కొంచెం కొంచెం పోయింది. నేను దానికి సరిపెట్టుకుంటూ వచ్చాను. తొక్కలు మళ్ళీ పెంచాలి. తీసేసిన ఇద్దరినీ పిలవాలి."

యజమాని మూడూ రుచి చూశాడు. "తేడా ఉందన్నవాళ్ళెందరు?"

"ఒక్క నర్సమ్మ."

"మిగతావాళ్ళు ఇదే బాగుందని తాగుతున్నారు కదయ్యా. ఇప్పుడు పెంచితే వాళ్ళు మారిందంటారు. ఇవాళ్టి వాయి తీసి పక్కన పెట్టు. ఇకమీదట అదే మూలం." గ్లాసులు పక్కకి నెట్టి, "నీ తప్పని నేనెక్కడా అనను, పో" అన్నాడు.

కొత్త సీసా మీద చీటీ అంటించి సంతకం పెట్టమన్నాడు. మావయ్య పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే అమ్మ పనిచేసే చోటికెళ్ళాం. అమ్మ తడి దుప్పటి పిండుతోంది. మావయ్య రెండో కొస పట్టుకుని, ఒక్క ముక్క దాచకుండా అంతా చెప్పాడు.

"అయితే మా పొట్ట కొట్టింది యజమాని కాదన్నమాట" అంది అమ్మ.

"కాదు."

"మళ్ళీ రమ్మంటారా?"

"అనరు అక్కా."

అమ్మ మావయ్య చేతిలోంచి దుప్పటి కొస లాక్కుంది. "మరి నాకెందుకు చెప్పావురా? ఇన్నాళ్ళూ ఆ పెద్దమనిషిని తిట్టుకుంటూ బాగానే ఉన్నాను."

ఆ రోజు నుంచి మావయ్య మా ఇంటి గడప తొక్కలేదు. బట్టీకి మాత్రం వేళకొస్తాడు. కొత్త మూలాన్ని ఈసారి ఒకే సీసాలో ఉంచలేదు. అరవై గోధుమరంగు మందు బుడ్లలో అంచుదాకా నింపి, మూతల మీద మైనం పోసి, చీకటి బీరువాలో పెట్టాడు. ఒక్కో వాయికి ఒక్కటే తీస్తాడు. ఇక ఆ రుచి వీసమెత్తు మారదు. పదింటికి బుడ్డి మూత తీసి, వాసన చూసి, నోట్లో పోసుకుని, "సరిపోయింది" అని ఉమ్మేస్తాడు. గోడకి ఇవతల నేను గ్లాసులు తుడిచి పెట్టుకుని, ముందు నారింజ తగులుతుందని చెబుతూ పోస్తుంటాను.