అమ్మ సాక్ష్యంలో ఖాళీలు

తుళ్లూరు దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ల గుంపును చూసుకోవడం నా ఉద్యోగం. పెద్ద ఫైలు వస్తే మా స్టోరేజీ సాఫ్ట్‌వేర్ దాన్ని ముక్కలు చేసి ఎనిమిది మిషన్లకు పంచుతుంది. అడిగినప్పుడు అన్నీ ఒకేసారి అందిస్తాయి కాబట్టి పని వేగంగా సాగుతుంది. మిరపకోతలో ఆడవాళ్లు తలా ఒక సాలు పట్టినట్టే. ఒకామె రాకపోతే ఆమె సాలు కాయ చెట్టు మీదే ఉంటుంది. ఇదంతా అమ్మకు చెబితే, ఈ మాత్రానికి అంత చదువెందుకే అని నవ్వింది. పొదిలి పక్క చేలల్లో కూలికి వెళ్లిన మనిషి కదా, ఆమెకు నేను కొత్తగా చెప్పిందేమీ లేదు.

అమ్మ పోయే ముందు మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. దేవుడు తన బతుకులో చేసిన మేళ్లు తలుచుకుంటూ అమ్మ సాక్ష్యం చెప్పింది, చివర్లో పిల్లల్ని పేరుపేరునా దేవుడికి అప్పగించింది. తమ్ముడు అదంతా ఫోనులో రికార్డు చేశాడు. తర్వాత మా కాలేజీలో పల్లె మాటల మీద పరిశోధన చేసే మాస్టారు అడిగితే ఇచ్చాడు. ఎనిమిది మిషన్లలో ఉంటుంది, బెంగపడకు అన్నారట ఆయన. వీడు ఇంటికెళ్లి, ఫోనులో చోటు చాలడం లేదని తుడిచేశాడు. నాతో ఒక్క ముక్క అనలేదు, మహానుభావుడు.

ఎండాకాలంలో ఏసీ ఆగి ఒక మిషన్‌లో డిస్కులన్నీ చచ్చాయి. విషయం తెలిసి, బ్రాడీపేటలో ఆటో తోలే తమ్ముడు ఆ ఆటోనే వేసుకుని వచ్చేశాడు. ప్యాసింజర్లను కూడా ఎక్కించుకోలేదు.

"ఒకటి పోతే ఇంకా ఏడుండాలి గదక్కా?"

"ఎనిమిది కాపీలు కాదురా. ఉన్నది ఒక్కటే, ఎనిమిది చోట్ల ముక్కలుగా ఉంది."

వాడి మొహం చూడలేకపోయాను. కోపం మాస్టారి మీదో, కాపీ దాచడానికి ఇంకో స్టోరేజీ కొనండి మొర్రో అంటే ఎనిమిదున్నాయిగా అన్న కాలేజీ పెద్దల మీదో, నాకే తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది.

పోయిన ముక్కల చోట నిశ్శబ్దం పెట్టి, మిగిలినవి వరసగా అతికించాను. ఇద్దరం కూర్చుని విన్నాం. కాసేపు అమ్మ గొంతు, కాసేపు ఏమీ ఉండదు. ఆ సాక్ష్యం ఎన్నిసార్లు విన్నాడో, ఖాళీ వచ్చినప్పుడల్లా తమ్ముడు అమ్మ మాటలు తనే అందుకున్నాడు. నాన్న పోయిన ఏడు, పురుగు తిన్న మిరపచేను, దేవుడు చూపిన దారి, ఏదీ తప్పిపోలేదు. ఒకచోట వాడి మాట తడబడితే ఇద్దరం నవ్వాం కూడా.

చివరికి ప్రార్థన వచ్చింది. పెద్దదాన్ని కదా, ముందు నన్ను పేరు పెట్టి పిలిచి, నా బిడ్డను కాయి తండ్రీ అంది అమ్మ. ఆ వెంటనే ఖాళీ. మళ్లీ గొంతు వచ్చేసరికి ఆమేన్ అంటోంది.

ఆ ఖాళీలో వాడు ఏమీ పలకలేదు. వెనక్కి పెట్టమన్నాడు. పెట్టాను. మళ్లీ పలకలేదు.

"పోనీలే అక్కా, నీ పేరు ఉందిగా" అన్నాడు.