నైరుతి సందు

నా తెలివి వల్ల మా మేనకోడలి ఏడాది కష్టం మట్టిలో కలిసిపోబోయిన వైనం చెబుతాను. ఆ రోజు తిథి, వారం నాకు బాగా గుర్తే. చెబితే ఏటేటా గుర్తుపెట్టుకుని మరీ వేళాకోళం చేస్తారని చెప్పడం లేదు.

మేనకోడలు శ్రావణి మట్టితో కళాఖండాలు చేసి కాలుస్తుంది. నరసరావుపేటలో పాత పత్తి గోడౌన్ అద్దెకు తీసుకుని, కాల్చిన మట్టి ఇటుకలతో నా మెడ ఎత్తున నలుచదరపు గోడ కట్టింది. ప్రతి ఇటుక మీదా ఎవరిదో అరచేతి ముద్ర. పేరు ‘సరిహద్దు’. ఒక మూల మనిషి పట్టేంత సందు. హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి చూసి, నచ్చితే అక్కడి ప్రదర్శనకు తీసుకెళ్తాడట.

నేను ఊరుకోలేక ఫోన్లో దిక్సూచి పెట్టి చూశాను. సందు సూటిగా నైరుతిలో ఉంది!

“ఏమే, నైరుతిలో వాకిలి పెట్టావేందే?”

“వాకిలి కాదత్తా. లోపలున్నోళ్ళు తప్పించుకుపోయే దారి.”

“పోతే పోనీ, ఈశాన్యం నించి పొమ్మను!”

అది నవ్వేసి, ఆయన్ను తీసుకురావడానికి బస్టాండుకు వెళ్ళింది. బస్సు ఆలస్యమైంది. నేను కొంగు దోపాను. మిగిలిన ఇటుకలూ తడిమట్టీ పక్కనే ఉన్నాయి. లోపలి వైపు నున్నగా రావాలి కదా, అందుకని లోపలికి దూరి సందు మూసి శుభ్రంగా అలికాను. మేస్త్రీ దారం పట్టి చూసినా వంక పెట్టలేడు. ఇక ఈశాన్యంలో ఇటుకలు లాగి దారి చేద్దామని తిరిగాను. ఒక్కటీ కదల్లేదు. శ్రావణి కట్టిన గోడంతా సిమెంటుతో అతికించి ఉంది!

సరిగ్గా అప్పుడే వాళ్ళు వచ్చారు. గోడ మీద నా తల ఒక్కటే కుండ మీద మూతలా కనబడుతోంది.

“లోపల మనిషిని కూడా పెట్టారా!” అంటూ ఆయన గోడ చుట్టూ తిరిగాడు.

శ్రావణి ముఖం పాలిపోయింది. “అత్తా, సందేది?”

“మూశానే. చానా దోషం.”

“పచ్చిమట్టేగా, తోసెయ్యి!”

“తోస్తే మళ్ళీ నైరుతి తెరుచుకోదూ? నీ అదృష్టం అటే పోద్ది. నేను తొయ్యను.”

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. “అమ్మా, మిమ్మల్ని ఎవరు బంధించారు?”

“ఎవరు బంధిస్తారు నాయనా? నేనే కట్టుకున్నా.”

“బయటికి రావాలని లేదా?”

“ఎందుకు లేదు? దిక్కు కుదర్లేదు.”

ఆయన ఇంకా ఏమేమో అడిగేవాడే. కానీ పొద్దున ఎండకు భయపడి తాగిన మజ్జిగ తొందరపెట్టింది. దానికి వాస్తు తెలియదు. రెండు చేతులతో ఒక్క తోపు తోసి, నైరుతిలోంచే పరుగెత్తాను.

తిరిగి వచ్చేసరికి శ్రావణి ఏడుస్తూ నవ్వుతోంది. ఆయన కూలిన ఇటుకలను ఫోటోలు తీస్తున్నాడు.

“గోడ తీసుకెళ్తామమ్మా,” అన్నాడు శ్రావణితో. “మీ అత్తయ్యను మాత్రం ఇక్కడే ఉంచండి.”

అందుకే నలుగురి ముందూ ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఎవరి గోడ సరిచేసినా, బయట నిలబడే చేస్తాను.