సియెర్రా లియోన్ వెళ్తున్నవాళ్లకు, 'బాడీ' అన్న మాట గురించి

మేం దిగిన ఎయిర్‌పోర్టు పేరు లుంగి. మా హవల్దార్‌ది శ్రీకాకుళం. మెట్లు దిగుతూ బోర్డు చదివి, "లుంగీ ఏటిరా? ఎవలు ఎట్టినారు ఈ పేరు?" అన్నాడు. అందరం నవ్వాం. ఆ తర్వాత చాలా రోజులు ఎవరం నవ్వలేదు.

డిసెంబరు నెల. మధ్యాహ్నం రెండున్నర. నెత్తిన నీలం హెల్మెట్, ఒంటి మీద బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్, వీపున సామాను. పది నిమిషాల్లో బనీను పిండుకునేంత చెమట. రాజధాని ఫ్రీటౌన్ అవతలి ఒడ్డున ఉంటుంది. మధ్యలో సముద్రమంత నదీముఖం. మమ్మల్ని హెలికాప్టర్‌లో దాటించారు. మీరు పడవలో వెళ్తారు. లైఫ్ జాకెట్ అడిగి మరీ తీసుకోండి.

మీరు అంటే, సాల్మియాలో నా గదిలో ఉంటున్న ఇద్దరు రాజోలువాళ్లు. ఒకరు వెల్డరు, ఒకరు క్రేన్ ఆపరేటరు. కువైట్‌లో ఉండటానికిచ్చే ఇఖామా గడువు అయిపోతోంది, కంపెనీ వాళ్లని సియెర్రా లియోన్‌లో రేవు పనికి పంపుతోంది. నేనిక్కడ సెక్యూరిటీలో చేరకముందు ఆర్మీలో ఉన్నానని, ఐక్యరాజ్యసమితి శాంతిదళంతో ఆ దేశం వెళ్లానని వాళ్లకి తెలిసింది. "ఎలాగుంటాది బాబాయ్ ఆ దేశం? భయమేం లేదు కదా?" అని రోజూ అడుగుతున్నారు. చెప్పబోయి ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతున్నాను. అందుకే రాస్తున్నాను.

ఆఫ్రికాకి పడమటి కొసన చిన్న దేశం. మే నుంచి అక్టోబరు దాకా వానలు. డిసెంబరు, జనవరిలో సహారా నుంచి దుమ్ము వస్తుంది. ఇక్కడ కువైట్‌లో కబ్ద్ ఎడారిలో దుమ్ము రేగితే చెవులు గింగుర్లెత్తుతాయి. అక్కడిది చప్పుడు లేకుండా వచ్చి, మంచులా నిలబడిపోతుంది. ఎల్లో ఫీవర్ టీకా కార్డు దగ్గరుంచుకోండి. మలేరియా మాత్ర ఒక్కరోజు కూడా మానొద్దు. అన్నం దొరుకుతుంది. కర్రపెండలం దుంప మనకీ తెలుసు, దాని ఆకుతో కూర వండడం అక్కడే చూశాను. కారం మన నోటికి సరిపోతుంది. మనుషులు మంచివాళ్లు. నాకు ఆ సంగతి తెలిసేసరికి ఆలస్యమైంది.

మా పోస్టు తూర్పున, ఒక నది వంతెన దగ్గర. ఇనుప దూలాలు, పైన చెక్క పలకలు. ఇటు ఇసుక మూటల వెనక మేం ఆరుగురం. అటు అడవి, అడవిలో తిరుగుబాటుదారులు. తుపాకులు అప్పగిస్తామని ఒప్పుకున్నారు గాని అప్పగించినవాళ్లు తక్కువ. మాకిచ్చిన ఆర్డరు ఇది: ముందు నోటితో హెచ్చరిక. తర్వాత గాల్లోకి ఒక రౌండు. ప్రాణం మీదికి వస్తేనే మనిషి మీదికి.

ఐదో వారంలో మా నీళ్ల లారీ వెనక్కి రాలేదు. డ్రైవరుది భీమవరం దగ్గర. లారీ రోడ్డు పక్క గోతిలో దొరికింది. సీటు మీద రక్తం ఉంది, మనిషి లేడు. అప్పటినుంచి రేడియోలో నాలుగు గంటలకోసారి అదే మాట.

"బాడీ దొరికిందా? ఓవర్."

"నెగెటివ్. బాడీ ఇంకా దొరకలేదు. ఓవర్."

డ్రైవరు అనడం మానేశాం. బతికున్నాడేమో అని పైకి అనడానికి కూడా అందరికీ భయమే.

మూడో రోజు పొద్దున ఆరుంపావు. దుమ్ములో వంతెన అవతలి కొస కనబడటం లేదు. డ్యూటీలో నేను, పక్కన హవల్దార్. నాకు భయంగా ఉంది, దాచుకోను. పలకల మీద అడుగుల చప్పుడు వినబడింది.

"ఎవలో వస్తన్నాడు. ఒక్కడే. సూసుకో," అన్నాడు హవల్దార్.

హాల్ట్ అని అరిచాను. ఆగాడు. ముప్ఫై గజాలుంటుంది. నడివయసు, బక్కమనిషి, కాళ్లకి చెప్పుల్లేవు. నన్ను చూసి నవ్వాడు.

"ఔ డి బాడీ?" అన్నాడు.

మనకి బాడీ అంటే శవం. ఆస్పత్రి గుమ్మంలో నిలబడి, బాడీ ఎప్పుడిస్తారండీ అని అడుగుతాం. వీడికి మా బాడీ సంగతి తెలుసు, తెలిసే నవ్వుతున్నాడు అనుకున్నాను.

"వేర్ ఈజ్ ది బాడీ?" అని గొంతు చించుకున్నాను.

అతను బెదిరాడు. బెదిరి ఇంకా నవ్వాడు. "బాడీ ఫైన్, బాడీ ఫైన్," అంటూ రెండడుగులు ముందుకి వేసి చొక్కా లోపలికి చెయ్యి పెట్టాడు.

"ఆగరా, కాల్సకు," అని హవల్దార్ అంటూనే ఉన్నాడు. కాల్చేశాను. గాల్లోకి కాదు.

అతను కూలబడి వెల్లకిలా పడ్డాడు. ఎడమ భుజం కింద తగిలింది. ఇద్దరం పరుగెత్తాం. చొక్కాలోంచి అతను తీసింది చింపిన బిస్కెట్ ప్యాకెట్ అట్ట. దాని మీద బాల్‌పెన్నుతో తెలుగు అక్షరాలు. నాకు కళ్లు ఆనలేదు. హవల్దార్ పైకి చదివాడు.

"కాలు విరిగింది. ఇతని ఇంట్లో ఉన్నాను. అన్నం పెడుతున్నారు. స్ట్రెచర్ పంపండి. ఇతన్ని కాల్చకండి."

వంతెన దగ్గర తెలుగువాళ్లం ఉన్నామని డ్రైవరుకి తెలుసు. ఆ మనిషి చెప్పిన దారిన వెళ్లి, మావాళ్లు పదకొండింటికి డ్రైవరుని స్ట్రెచర్ మీద మోసుకొచ్చారు. సంగతి విని నా వంక చూశాడు. "నీకోసమే రాసేన్రా. సదవకుండానే కాల్చేసేవా?" అన్నాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

ఆ మాటకి అర్థం మా దుబాసీ చెప్పాడు. వాళ్ల భాషలో ఔ డి బాడీ అంటే ఒంట్లో ఎలా ఉంది అని. అక్కడ ఎవరికి ఎవరు ఎదురుపడినా ముందు అదే పలకరింపు. బాగుంటే బాడీ ఫైన్ అంటారు. నేను తుపాకీ గురిపెట్టి అరిచినదాన్ని కూడా అతను పలకరింపే అనుకుని, మర్యాదగా జవాబు చెప్పాడు.

ప్రాణం దక్కింది. ఎడమ చెయ్యి మాత్రం భుజం దాటి లేవదన్నాడు డాక్టరు. క్షమించమని అడగడానికి వైద్య శిబిరానికి వెళ్లాను. మంచం మీంచి నన్ను చూసి, "ఔ డి బాడీ?" అన్నాడు. సిగ్గుతో తల దించుకుని బయటికొచ్చేశాను.

విచారణ జరిగింది. హెచ్చరిక రౌండు వదల్లేదని రాసుకున్నారు. శిక్ష పడింది, తక్కువే పడింది. మా వంతు అయ్యాక అదే లుంగి నుంచి ఇంటికి వచ్చాం. తర్వాత ఆర్మీ వదిలి కువైట్ వచ్చాను.

ఇప్పుడక్కడ యుద్ధం లేదు. మీకు భయపడే పని లేదు. ఎవరైనా ఔ డి బాడీ అంటే నవ్వి, బాడీ ఫైన్ అనండి. నా బదులు కూడా అనండి.

ఆ రోజు వంతెన మీద నేను పరుగెత్తి దగ్గరికి చేరేసరికి అతని రక్తం పలకల మీద పారుతోంది. ఆ తడి అంటకుండా అట్టని కుడిచేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. కాల్చింది నేనేనని తెలిసి కూడా, నేను అందుకునేదాకా ఆ చెయ్యి దించలేదు.