నేను కట్టిన కన్నడ నినాదం

ఒక్క మాటతోని ఊరు మొత్తాన్ని మన మీదికి తిప్పుకోవాల్నంటే మామూలు మనిషితోని అయ్యే పని కాదు. దానికి తెలివుండాలె, ధైర్యముండాలె, అన్నిటికంటే ఎక్కువ, తెల్వనిది తెలుసన్న నమ్మకముండాలె. ఈ మూడు నాకు ఇరవై మూడేండ్లకే దండిగ ఉండె. ఆ నమ్మకంతోని న్యాల్‌కల్ అవతల ఒక ఊర్ల నేను చేసిన ఘనకార్యం ఇప్పుడు చెప్త. చాయ తాగుకుంట చదివేటోళ్లు జర కప్పు కింద పెట్టున్రి.

అప్పట్ల నేను జహీరాబాద్ల ఒక ఫ్లెక్సీల దుకాణంల పని చేస్తుంటి. పుట్టినరోజు ఫ్లెక్సీలు, పెండ్లి ఫ్లెక్సీలు, లీడర్లు దండం పెట్టుకుంట నవ్వే ఫ్లెక్సీలు. ఎవరి ఫోటో కిందనైనా నాలుగు మాటలు రాయాల్నంటే నన్నే పిలుస్తుండె. "ఆశాజ్యోతి", "బడుగుల పెన్నిధి" అసొంటి మాటలు నా వేళ్ల కొసల్ల ఉంటుండె. రాసి రాసి నేను పెద్ద కవినన్న భ్రమ గూడ వచ్చింది. ఆ భ్రమకు మందు లేదు, దెబ్బ తగలాలె.

ఆ దుకాణానికే ఒకదినం సరోజనక్క వచ్చింది. అక్కకు బస్టాండు దగ్గర జాకెట్లు కుట్టే దుకాణం. కొలతలియ్యనీకి వచ్చిన ఆడోళ్లు కొలతలతోపాటు కష్టాలు గూడ ఇచ్చి పోతుండె. బిడ్డను బడి మాన్పిచ్చిన్రని ఒకామె, మొగుడు తాగొచ్చి కొడుతున్నడని ఇంకొకామె. అక్క మిషన్ తొక్కుకుంట వాటిని పాటలు కట్టేది. పాటలు ఎక్కువైనయి, పాడేటోళ్లు జమైన్రు, పాటల్నే ఆటలు చేసి ఊర్ల పొంటి ఆడవట్టిన్రు. మా కళా సంఘం అట్ల పుట్టింది. ఆఫీసంటే అక్క దుకాణం ఎనుకున్న అర్ర. బీరువాల ఒక దిక్కు జాకెట్ గుడ్డలు, ఇంకో దిక్కు గజ్జెలు, మీసాలు.

"ఒక బ్యానర్ కావాలె తమ్మీ. పెద్ద మాటలు వద్దు. మనుషులు మాట్లాడుకునే మాటలు రాయి," అన్నది.

పెద్ద మాటలు లేకుంట రాసుడు నాకు చెప్పుల్లేకుంట ఎండల నడిచినట్టే అయ్యింది గని, రాసిన. అక్కకు నచ్చింది. రెండు నెలలు తిరగకముందే నేను గూడ ఆ బీరువాలకెళ్లి ఒక మీసం తీసి పెట్టుకున్న.

డప్పు పౌలన్నది. వారమంత కోహీర్ జామపండ్ల బండి, ఆదివారం చర్చిల పాట, మిగిలిన టైమంత మాతోని. మాట్లాడుడు బహు తక్కువ. చెప్పాల్సిందంత డప్పుతోనే చెప్తడు. నేను పాట అందుకుంటే దరువు ఎందుకో జర అనుమానం అనుమానంగ పడుతుండె.

మా ఆటల్ల ఒక పద్ధతి ఉన్నది. నడుమల ఆపి, "ఇప్పుడు ఈమె ఏం చేయాలె?" అని చూసేటోళ్లనే అడుగుతం. ఎవరన్న లేచొచ్చి ఆటను మార్చొచ్చు. "ఆట వాళ్లది, మనం మోసుకపోయేటోళ్లమే," అని అక్క ఎప్పుడు చెప్పేది. నాకది ఎక్కలే. ఊర్లను బాగుచేయనీకి నేనే పోతున్న అనుకుంటుంటి.

ఒకనాడు కస్తూరిబాయి అనే ఆమె అక్క దుకాణానికొచ్చింది. న్యాల్‌కల్ దాటినంక, కర్ణాటక బార్డర్‌కు ఆనుకున్న ఊరు ఆమెది. ఆ ఊరి మహిళా సంఘానికి లీడర్.

"మా ఊర్ల గంగాబాయని ఉన్నది అక్కా. కోడలికి మూడో కాన్పుల గూడ ఆడపిల్లే పుట్టింది. మూడు నెలలాయె, కోడలు పిల్లల్ని పట్టుకొని మొగుడంపల్లిల తల్లిగారింట్లనే ఉన్నది. గంగాబాయి తోల్కరాదు, కొడుకును పోనియ్యదు. మేము చెప్పి చెప్పి అలిసిపోయినం. మీరొచ్చి ఆట ఆడున్రి. మా మాట వినది గని, ఆటంటే ముందల కూసుంటది."

ఆమె అటు పోయిందో లేదో నేను మొదలువెట్టిన. "అక్కా, ఆ ఊర్ల ఇండ్లల్ల కన్నడ మాట్లాడుతరు. నినాదం కన్నడల ఉండాలె."

"వాళ్లకు తెలుగు మంచిగనే వస్తది కదరా."

"వచ్చుడు వేరు, మనసుకు తాకుడు వేరక్కా."

"నీకు కన్నడ వస్తదా?"

"మా చిన్నమ్మను బీదర్ దిక్కు ఇచ్చిన్రు. ఎండకాలం సెలవులన్ని ఆడనే. కన్నడంటే నాకు మంచినీళ్లు."

ఇది అబద్ధం కాదు. చిన్నమ్మ ఇంట్ల నేను నేర్చుకున్న కన్నడల నీళ్లున్నయి, అన్నమున్నది, నిద్ర ఉన్నది, ఇంకో పది తిట్లున్నయి. వీటితోని ఒక ఎండకాలం సుఖంగ ఎల్లదీయొచ్చు. ఒక అత్తను మార్చుడు కష్టం. కాని ఆ సంగతి అప్పుడు నాకెవరు చెప్పాలె?

తెలుగుల నా నినాదం "ఆడపిల్లల సాకు". సాకుడంటే పెంచుడు. ఆడపిల్లల్ని కన్నడల "హెణ్ణు మక్కళు" అంటరని నాకు తెలుసు. మరి సాకుకు ఏమంటరు? చిన్నమ్మకు ఒక్క ఫోన్ కొడితే అయిపోతుండె. కవులు ఫోన్లు కొట్టి అడుగుతరా? పక్కపక్క భాషలే కద, సాకు అంటే సాకే అయ్యుంటదని ఖాయం చేసుకున్న. "హెణ్ణు మక్కళు సాకు." కన్నడ వచ్చినోళ్లు ఈపాటికే నవ్వుతుంటరు. రానోళ్లు జర ఓపిక పట్టున్రి, నేను గూడ మీ దిక్కే ఉంటి.

ఆ ఆదివారం సాయంత్రం నాలుగింటికి బడి ముందల ఆట. ఊరు మంచిగనే జమైంది. గంగాబాయి అందరికంటే ముందల కుర్చీ ఏయించుకొని, కర్ర పక్కన పెట్టుకొని, ఒక కాలు సాపుకొని కూసున్నది. ఆమె కొడుకు గోడకానుకొని నిలబడ్డడు. సరోజనక్క అత్త వేషం, మాణెమ్మ అని మా పాటగత్తె కోడలి వేషం, నేను కొడుకు. ఆట మంచిగ నడుస్తున్నది. అత్త కోడల్ని ఇంట్లకు రానియ్యని జాగల ఆట ఆగింది. నేను రెండడుగులు ముందలికొచ్చి, రొమ్ము ఇరిసి, చెయ్యెత్తిన.

"హెణ్ణు మక్కళు..."

"సాకు, సాకు," అన్నరు మావోళ్లు. వాళ్లకు నేనే నేర్పిన.

ఊరోళ్లెవ్వరు అందుకోలే. ఒక్క గంగాబాయి మొకం మాత్రం దీపం ముట్టిచ్చినట్టు ఎలిగింది. కర్ర తీసుకొని నేలకు కొట్టుకుంట, "సాకు, సాకు," అని మాతోని గొంతు కలిపింది.

నాకు ఒంట్ల రక్తం ఉరికింది. ఇంకింత గట్టిగ అందుకున్న. ఆడోళ్లు ఒకరి మొకాలు ఒకరు చూసుకుంటున్నరు. కొంతమంది కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నరు. ఏడుపు ఆపుకుంటున్నరనుకున్న. ఒక చిన్నామె ఒళ్లె ఉన్న ఆడపిల్లను ఎత్తుకొని లేచిపోయింది. పిల్లకు ఆకలైందేమో అనుకున్న. నమ్మకం ఉన్నోనికి ప్రతిదానికి ఒక కారణం దొరుకుతది.

గంగాబాయి నన్ను దగ్గరికి పిలిచి నెత్తి మీద చెయ్యి పెట్టింది. "ఇన్ని దినాలకు నా మనసుల మాట ఒక్కడు చెప్పిండు బిడ్డా. ఈ సంఘపోళ్లంత నన్నే తప్పు పడుతరు."

నేను సరోజనక్క దిక్కు మల్లి కనుబొమ్మలు ఎగరేసిన. సర్పంచ్ ఎలక్షన్ల గెలిచినోడు గూడ అట్ల చూడడు. ఊరి సంఘమంత కలిసి మూడు నెలలల్ల చెయ్యలేని పని, మూడే మాటలతోని చేసిన.

"మరి కోడల్ని ఎప్పుడు తోల్కొస్తవమ్మా?" అని అడిగిన.

"ఎందుకు తోల్కొస్త? నువ్వే అంటివి కద, సాకు అని."

"అవునమ్మా, సాకాలె."

"అదే నేను అనేది. సాకు."

"మల్ల సాకనీకి తోల్కరావాలె కద?"

"సాకన్నంక తోల్కొచ్చుడేంది బిడ్డా?"

గిట్ల ఇద్దరం జర సేపు మాట్లాడుకున్నం. ఒకరి మాట ఒకరికి మస్తు నచ్చుతున్నది గని, పని మాత్రం ముందలికి పోతలేదు.

అప్పుడు కస్తూరిబాయి లేచింది. "తమ్మీ, నిన్ను పిలిచింది నేనా, ఆమెనా?"

"నువ్వే అక్కా."

"మరి ఆమె దిక్కు మాట్లాడుతున్నవేంది? సాకంటే కన్నడల చాలు అని. పెంచుడుకు గూడ ఆ మాట ఉన్నది గని, నువ్వన్న తీరుగ అంటే, ఆడపిల్లలు చాలు, ఇగ వద్దు అని. వచ్చిన కాడికెళ్లి నువ్వు ఒర్రుతున్నది అదే."

పౌలన్న డప్పు మీద చెయ్యి పెట్టి, ఉన్న జర చప్పుడు గూడ ఆపిండు. నా చెవులు పెనం మీద పెట్టినట్టు కాలినయి. పిల్లను ఎత్తుకొని లేచిపోయిన ఆమె యాదికొచ్చింది. ఆకలి గాదు, నా మాట విని పోయింది. నవ్వుకుంట చెప్తున్న గని, ఆ నిమిషం నాకు నవ్వు రాలే.

మా దుకాణంల గిరాకీలకు చెప్పే మాటే నోట్లకెళ్లి వచ్చింది. "ప్రింటింగ్ మిస్టేక్ అక్కా."

నోటితోని అన్నదానికి ప్రింటింగ్ ఏడిదని కస్తూరిబాయి అడగలే. అది ఆమె మంచితనం.

సరోజనక్క ముందలికొచ్చింది. నన్ను తిట్టలే. "అమ్మా, మావోనిది తప్పే. వానికి కన్నడ వస్తదంటే నమ్మిన, అది నా తప్పు. మాట అయితే మీ నడుమ పడ్డది. దీన్ని ఏం చేద్దామో మీరే చెప్పున్రి."

"ఏం చేసేదున్నది? అట్లనే ఉండనియ్యి," అన్నది గంగాబాయి.

"సరే గంగక్కా, అట్లనే ఉంచుదాం," అని కస్తూరిబాయి ఆట జాగలకొచ్చి నిలబడ్డది. "నేనడిగినయి జర చెప్పు. పోయినేడు నీ మోకాలు ఇరిగితే దవాఖానకు తోల్కపోయిందెవరు?"

"నా బిడ్డ. అత్తగారింటికెళ్లి వచ్చింది."

"ఇంటికొచ్చినంక నీకు నీళ్లు పోసిందెవరు, బట్టలు పిండిందెవరు?"

గంగాబాయి చేతుల కర్రను ఇటుదిప్పి అటుదిప్పి చూసింది. "కోడలు."

"కడుపుతోని ఉన్న కోడలా?"

"ఆఁ."

"అప్పుడు కొడుకేడ ఉండె?"

"ట్రాక్టర్ మీద."

"ఒక మనుమడు పుట్టి పెద్దగైతే ఏడుంటడు?"

"ఇంకో ట్రాక్టర్ మీద," అని ఎనుకకెళ్లి ఎవరో అన్నరు. ఊరంత నవ్వింది. గోడకానుకున్న కొడుకు గూడ నవ్వబోయి, అది తన మీదనే అని తెలిసి తల దించుకున్నడు.

కస్తూరిబాయి నవ్వలే. "చెప్పక్కా. నీకు అక్కరకొచ్చిందెవరు?"

గంగాబాయి సాపిన కాలు దగ్గరికి గుంజుకున్నది. కస్తూరిబాయి నా దిక్కు మల్లింది. "తమ్మీ, నీ నినాదం మంచిదే. ఒక్క అక్షరం మార్చాలె. మక్కళు కాదు, మక్కళే అను. హెణ్ణు మక్కళే సాకు. ఆడపిల్లలే చాలు మాకు, కొడుకు లేకున్న నడుస్తది అని."

పౌలన్నకు ఎవ్వరు చెప్పలే. డప్పు మోగింది. నా పాటలకు ఎన్నడు పడని దరువు అది. ఇంతసేపు కొంగులు అడ్డం పెట్టుకున్న ఆడోళ్లు కొంగులు నడుముకు చెక్కుకొని, "హెణ్ణు మక్కళే సాకు," అని బడి గోడలు అదిరేటట్టు అందుకున్నరు. లేచిపోయిన చిన్నామె చప్పుడు విని తిరిగొచ్చింది, సంకల పిల్లతోని. నేను అందరి ఎనుక నిలబడి, వాళ్లు ఎట్లంటే అట్ల అన్న.

గంగాబాయి మాత్రం అనలే. ఆట అయిపోకముందే కర్ర పట్టుకొని లేచింది. పోయేటప్పుడు కొడుకు ముందల ఆగి, "ఆ ట్రాక్టర్ రేపు మొగుడంపల్లికి పోతదా, పోదా?" అని అడిగింది. జవాబు కోసం ఆగలే.

వాపస్ వచ్చేటప్పుడు ఆటోల సరోజనక్క అన్నది: "ఆట వాళ్లదని ఇన్ని దినాలు చెప్తుంటి. ఇయ్యాల సమజైందా?"

"సమజైందక్కా."

పౌలన్న డప్పు ఒళ్లె పెట్టుకొని, జహీరాబాద్ దాక ఒక్కటే మాటన్నడు. "కన్నడల చెప్పు."

నెల తర్వాత ఆ మూడో పిల్ల తొట్టెల పండుగకు మమ్మల్ని గూడ పిలిచిన్రు. కోడలు మహాదేవిని మేము ఆనాడే మొదటిసారి చూసినం. పెద్దపిల్లలిద్దరు అవ్వ కర్రను గుర్రం చేసుకొని వాకిట్ల ఉరుకుతున్నరు. గంగాబాయి నన్ను చూసి పక్కన కూసోవెట్టుకున్నది, తన చేతులతోని భక్ష్యం పెట్టింది.

"నువ్వు ఏ బడిల సదివినవ్ బిడ్డా?"

నా రొమ్ము మల్ల ఇరుసుకున్నది. మనుమరాండ్లను అందుల చేర్పిస్తదేమో అనుకొని, బడి పేరు, అది ఉన్న గల్లి, ఎట్ల పోవాల్నో, అన్ని చెప్పిన. ఆమె శ్రద్ధగ విన్నది, పేరు రెండుసార్లు అనుకున్నది, కొడుకును పిలిచింది.

"ముగ్గుర్ని గూడ జహీరాబాద్ల సదివిపిద్దాం. ఈ బడి పేరు యాదికుంచుకో. ఇది తప్ప ఏదైన మంచిదే."

ఆ తొట్టెల సాక్షిగ, ఆ భక్ష్యం సాక్షిగ నేను ఒట్టు పెట్టుకున్న: ఇగ బతికున్నన్ని దినాలు, పక్కోళ్ల భాషల నోరు తెరవాల్నంటే, ముందు ఆ భాష మాట్లాడే ఒక అవ్వ దగ్గరికి పోయి, చేతులు కట్టుకొని, మాట చెవుల చెప్త. ఆమె మొకం చూస్త. ఆమెకు నా మాట మస్తు నచ్చిందంటే మాత్రం, ఇంకో అవ్వను అడుగుత.